చెస్ట్‌నట్ చెట్టు పుట్టుక డీఎన్‌ఏ పరీక్షలో ఎంతవరకు తేలుతుంది?

మీరు అడిగింది ఇది. పాత తోట ఒకటి మీ చేతికి వచ్చింది. అందులో పెద్ద పెద్ద చెస్ట్‌నట్ చెట్లున్నాయి, పేర్లు రాసిన రేకులు ఎప్పుడో పోయాయి. పాత యజమాని కొన్ని ఐరోపా రకాలనీ, కొన్ని హైబ్రిడ్లనీ నోటిమాటగా చెప్పారు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఏ చెట్టు ఏ రకమో, ఎక్కడి నుంచి వచ్చిందో తేలిపోతుందా, ఎన్ని మార్కర్లు (డీఎన్‌ఏలో చెట్టుకూ చెట్టుకూ తేడా చూపే గుర్తు చోట్లు) అడగాలి, క్లోరోప్లాస్ట్ (ఆకుకు పచ్చదనమిచ్చే కణభాగం, దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది) పరీక్ష ఒక్కటి సరిపోతుందా అన్నది మీ సందేహం.

చాలావరకు తేలుతుంది. అయితే మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ చెట్టు ఫలానా పేరున్న రకమేనా అన్నది ఒకటి. దీని తల్లిదండ్రులు ఎవరన్నది రెండోది. దీని వంశం ఏ ప్రాంతపు అడవుల్లో మొదలైందన్నది మూడోది. ఒక్కోదానికి కావాల్సిన మార్కర్లు వేరు, పోల్చి చూడాల్సిన చెట్లు వేరు. మొదటిదానికి తక్కువ ఖర్చుతో గట్టి జవాబు వస్తుంది. మూడోదానికి వచ్చే జవాబు ఎప్పుడూ ‘ఫలానా చోటి చెట్లకు దగ్గరగా ఉంది’ అన్న తీరులోనే ఉంటుంది. ల్యాబ్ రిపోర్టు చూసి నిరాశపడేవాళ్లలో ఎక్కువమంది మొదటి పరీక్ష చేయించుకుని మూడో జవాబు కోసం ఎదురుచూసినవాళ్లే.

ముందు జాతుల సంగతి చూద్దాం. తోటల్లో సాధారణంగా కనిపించేవి నాలుగు: ఐరోపా చెస్ట్‌నట్ (కాస్టానియా సటైవా), చైనా చెస్ట్‌నట్ (మొల్లిసిమా), జపాన్ చెస్ట్‌నట్ (క్రెనేటా), అమెరికా చెస్ట్‌నట్ (డెంటేటా). హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టుకూ వీటికీ చుట్టరికమే లేదు, దాని గింజ తినకూడదు కూడా. ఈ నాలుగింటిలోనూ 24 క్రోమోజోములే ఉంటాయి. ఒకదాని పుప్పొడి ఇంకోదాని మీద పడితే చాలాసార్లు కాయ పడుతుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో అమెరికా చెస్ట్‌నట్ చెట్ల మీద బ్లైట్ అనే బూజు తెగులు కనబడింది. తర్వాతి కొన్ని దశాబ్దాల్లో ఆ దేశపు అడవుల్లో 300 నుంచి 400 కోట్ల చెట్లను అది తినేసిందని అంచనా. అదే తెగులు 1938లో ఇటలీలోని జెనోవా దగ్గర బయటపడింది. ఐరోపాలో వేరును కుళ్లబెట్టే ఇంక్ తెగులు అంతకుముందే ఉంది. ఈ రెండు తెగుళ్లకూ తట్టుకునే గుణం చైనా, జపాన్ జాతుల్లో ఎక్కువ కాబట్టి అమెరికాలోనూ ఐరోపాలోనూ వాటితో సంకరాలు చేస్తూ వచ్చారు. అందుకే 20వ శతాబ్దంలో వేసిన తోటలో ‘ఇది అచ్చమైన ఐరోపా రకం’ అని ఎవరైనా అంటే పరీక్ష చేయకుండా నమ్మడం కష్టం. ఆకును, కాయను చూసి చెప్పేవాళ్లున్నారు, వాళ్ల అనుభవాన్ని నేను గౌరవిస్తాను. కానీ రెండు మూడు తరాలు కలిసిన హైబ్రిడ్ దగ్గర ఆ చూపు తడబడుతుంది.

ఇక రకం గుర్తింపు. చెస్ట్‌నట్‌కు తన పుప్పొడితో తనకు కాయ పట్టడం చాలా అరుదు. పక్క చెట్టు పుప్పొడి కావాలి. అందువల్ల ఎంత మంచి చెట్టు గింజ నాటినా తల్లి లాంటి చెట్టు రాదు. రకాన్ని నిలబెట్టుకోవాలంటే అంటు కట్టాల్సిందే. పేరున్న రకాలు దాదాపు అన్నీ ఇలా అంటు ద్వారా పెరిగినవే, అంటే ఒకే చెట్టుకు నకళ్లు. ఇది మనకు కలిసొచ్చే విషయం. మీ చెట్టు నిజంగా ఆ రకమే అయితే పరీక్షించిన ప్రతి మార్కర్ దగ్గరా అసలు చెట్టుతో కచ్చితంగా సరిపోవాలి. కొంచెం దగ్గరగా ఉంది అంటే అది ఆ రకం పిల్లో, తోబుట్టువో అయి ఉంటుంది తప్ప ఆ రకం కాదు.

ఈ పనికి ఇప్పటికీ నేను మొదట సూచించేది ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు. డీఎన్‌ఏలో కొన్ని చోట్ల రెండు మూడు అక్షరాల ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. జీఏ, జీఏ, జీఏ అని ఒక చెట్టులో 12 సార్లు వస్తే మరో చెట్టులో 17 సార్లు రావచ్చు. దానికి అటూ ఇటూ ఉన్న భాగం మారదు కాబట్టి అక్కడ ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు అతికేలా చేసి, పీసీఆర్ అనే పద్ధతితో ఆ భాగాన్ని కోట్ల నకళ్లుగా పెంచి, యంత్రంలో దాని పొడవు కొలుస్తారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి ఒక్కో మార్కర్ దగ్గర చెట్టుకు రెండు అంకెలుంటాయి. చెస్ట్‌నట్‌లో ఎక్కువగా వాడే సీఎస్‌క్యాట్, ఈఎంసీఎస్ అనే రెండు వరసల మార్కర్లనూ ఐరోపా జాతి నుంచి తయారుచేసి 2003లో ప్రచురించారు. వాటిలో చాలావరకు చైనా, జపాన్ జాతుల్లోనూ పనిచేస్తాయి. 1990లలో ఐసోఎంజైములు, ఆర్‌ఏపీడీ అనే పాత పద్ధతులు వాడేవారు. ఆర్‌ఏపీడీ ఫలితం ఒక ల్యాబ్‌లో వచ్చినట్టు ఇంకో ల్యాబ్‌లో రాదు, కాబట్టి పాత రిపోర్టు ఏదైనా ఆ పద్ధతిలో ఉంటే దాన్ని పక్కన పెట్టండి.

ఎన్ని మార్కర్లు? పేరు తేల్చడానికి బాగా వైవిధ్యం చూపే 8 నుంచి 12 మార్కర్లు సాధారణంగా సరిపోతాయి, అవి వేర్వేరు క్రోమోజోముల మీద ఉండాలి. ఇక్కడ ఒక లెక్క చూడండి. చుట్టరికం లేని రెండు చెట్లు ఒక మార్కర్ దగ్గర యాదృచ్ఛికంగా సరిపోయే అవకాశం పదింట ఒకటి అనుకుంటే, 10 మార్కర్లలోనూ సరిపోయే అవకాశం వెయ్యి కోట్లలో ఒకటి. కానీ ఒకే తల్లిదండ్రుల పిల్లలైతే ఆ అవకాశం ఒక్కో మార్కర్ దగ్గర పదింట నాలుగు దాకా ఉంటుంది. అప్పుడు 10 మార్కర్లకు కలిపి అది దాదాపు 10,000లో ఒకటి దాకా పెరుగుతుంది. తోటలో ఒకే చోటి గింజల నుంచి వచ్చిన చెట్లు పక్కపక్కనే ఉండటం మామూలే. రిపోర్టులో సాధారణ సంభావ్యతతో పాటు తోబుట్టువుల సంభావ్యత కూడా ఇమ్మని అడగండి. మంచి ల్యాబ్ అయితే అడక్కముందే ఇస్తుంది.

వేలిముద్ర తీసినంత మాత్రాన మనిషి పేరు తెలియదు, పోల్చడానికి రికార్డు ఉండాలి. ఇక్కడా అంతే. మీ చెట్టు అంకెలు ఎంత స్పష్టంగా వచ్చినా, పేరు ఖాయమైన చెట్టు అంకెలు పక్కన లేకపోతే పేరు రాదు. పైగా ఒక ల్యాబ్ యంత్రంలో 204 అని వచ్చిన పొడవు మరో యంత్రంలో 205 అనో 206 అనో రావచ్చు. ముక్కలకు అతికించే రంగు మారినా అంకె జరుగుతుంది. ప్రచురించిన పట్టికలోని అంకెలను మీ రిపోర్టు పక్కన పెట్టుకుని చేత్తో పోల్చేసి ‘సరిపోలేదు’ అని తేల్చేయడం నేను తరచూ చూసే పొరపాటు. అన్ని అంకెలూ ఒకేలా ఒకటి రెండు జరిగి ఉంటే అది యంత్రం తేడా. సరైన పద్ధతి ఏమిటంటే, పేరు ఖాయమైన రెండు మూడు రకాల నమూనాలను మీ నమూనాలతో పాటే అదే యంత్రంలో నడిపించి వాటి ఆధారంగా అంకెలు సరిచేసుకోవాలి.

ఈ పోలికలు పెద్ద ఎత్తున చేసినప్పుడు స్పెయిన్, పోర్చుగల్, ఇటలీల్లో బయటపడింది ఒకటే తీరు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయేసరికి ఒకే క్లోన్‌కు (ఒకే చెట్టు నుంచి అంట్ల ద్వారా వచ్చిన నకళ్ల గుంపుకు) పేరు మారిపోయింది, ఒకే పేరు కింద వేర్వేరు క్లోన్లు పెరుగుతున్నాయి. కాబట్టి మీ చెట్టు ఒకేసారి రెండు పేర్లతో సరిపోతే కంగారుపడకండి, రెండూ సరైనవే కావచ్చు. ఇటలీలో మర్రోనే అని పిలిచే చెస్ట్‌నట్ రకాలు ఇంకో సంగతి చెబుతాయి. ఊరికో పేరుతో అమ్మే మర్రోనేలు చాలావరకు ఎస్‌ఎస్‌ఆర్ పరీక్షలో ఒకేలా, లేదా ఒకటి రెండు చోట్ల తప్ప ఒకేలా వస్తాయి. అంటే మూలం ఒక్కటే, శతాబ్దాలుగా అంటు కడుతూ పోయిన కొద్దీ కొమ్మల్లో చిన్న ఉత్పరివర్తనాలు చేరాయి. కాయ పరిమాణంలోనో పక్వానికి వచ్చే కాలంలోనో తేడా ఉందని రైతు అంటే అది నిజమే కావచ్చు. ఆ తేడా తెచ్చిన మార్పు మనం కొలిచిన పది చోట్ల లేదు, అంతే. పది మార్కర్లు సరిపోయాయి కాబట్టి రెండు చెట్లూ అన్ని విధాలా ఒకటే అని ల్యాబ్ రాస్తే ఆ వాక్యాన్ని నేను ఒప్పుకోను.

తల్లిదండ్రుల నిర్ధారణ తర్కం చాలా సూటిగా ఉంటుంది. ఒక మార్కర్ దగ్గర మీ చెట్టు అంకెలు 196, 210 అనుకోండి. తల్లి అని చెబుతున్న చెట్టువి 196, 202. అంటే 196 తల్లి నుంచి వచ్చింది, 210 తండ్రి నుంచి రావాలి. తండ్రి అని చెబుతున్న చెట్టులో 202, 214 మాత్రమే ఉంటే అది తండ్రి కాదు. అయితే ఒక్క మార్కర్‌తో తీర్పు చెప్పకూడదు. ప్రైమర్ అతికే చోటే మార్పు వచ్చి ఒక పొడవు కనబడకుండా పోవచ్చు, దాన్ని నల్ అల్లీల్ అంటారు. ఐరోపా జాతికి తయారుచేసిన మార్కర్లను జపాన్ జాతి మీద వాడినప్పుడు దీని బెడద ఎక్కువ. రెండు మూడు మార్కర్లలో విడివిడిగా తేడా వస్తేనే కాదని చెప్పాలి. అవునని చెప్పడానికి ఇంకా ఎక్కువ కావాలి: కనీసం 20 ఎస్‌ఎస్‌ఆర్‌లు, లేదంటే వందల కొద్దీ స్నిప్‌లు. స్నిప్ అంటే డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా. ఒక్కోటి ఇచ్చే సమాచారం తక్కువ, కానీ వేల సంఖ్యలో చదవొచ్చు, ఒక ల్యాబ్ ఫలితం ఇంకో ల్యాబ్‌లో అలాగే వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా స్నిప్‌లకు వెళ్లడంలో తప్పు లేదు. మీ విషయంలో మాత్రం పోల్చాల్సిన పాత రకాల సమాచారం ఎక్కువగా ఎస్‌ఎస్‌ఆర్‌లలోనే ఉంది.

క్లోరోప్లాస్ట్ పరీక్ష ఒక్కటి సరిపోతుందా అని అడిగారు. చాలదు. మీ తోటలో హైబ్రిడ్లున్నాయన్న అనుమానం ఉన్నప్పుడు అసలే చాలదు. చెస్ట్‌నట్‌లో క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఫ్రాన్స్‌లో ‘బూష్ రూజ్’ అనే ఐరోపా రకాన్ని తల్లిగా, జపాన్ చెస్ట్‌నట్‌ను తండ్రిగా పెట్టి ‘బూష్ ద బెటిజాక్’ అనే హైబ్రిడ్ తీశారు. ఆకుల మొగ్గల్లో బుడిపెలు పుట్టించే గాల్ కందిరీగను తట్టుకోవడం వల్ల ఆ రకానికి చాలా పేరొచ్చింది. దాని క్లోరోప్లాస్ట్ మాత్రమే చదివితే నూటికి నూరు పాళ్లు ఐరోపా చెట్టు అని వస్తుంది. కేంద్రకంలోని డీఎన్‌ఏ చదివితే సగం జపాన్ అని వస్తుంది. రెండూ కలిపి చదివినప్పుడే ఐరోపా తల్లి, జపాన్ తండ్రి అన్న పూర్తి కథ బయటపడుతుంది. అందుకే క్లోరోప్లాస్ట్ పరీక్ష అనవసరం అనను. కేంద్రక మార్కర్లతో హైబ్రిడ్ అని తేలాక, ఏ జాతి తల్లి అని తెలుసుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

ఇప్పుడు మూడో ప్రశ్న, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఐరోపా చెస్ట్‌నట్ మంచుయుగంలో కొన్ని వెచ్చని మూలల్లో మాత్రమే బతికింది. పుప్పొడి అవశేషాల ప్రకారం కాకసస్ ప్రాంతం, టర్కీలోని అనటోలియా వాయవ్య తీరం, ఇటలీలోని కొన్ని చోట్లు, స్పెయిన్ ఉత్తర తీరం అలాంటి మూలలు. వేల ఏళ్లు విడివిడిగా ఉండటం వల్ల ఒక్కో మూలలోని చెట్ల జన్యువుల పోలిక వేరైంది. ఎస్‌ఎస్‌ఆర్ అధ్యయనాల్లో తూర్పు టర్కీ వైపు చెట్లు ఒక గుంపుగా, ఇటలీ, స్పెయిన్ వైపువి వేరే గుంపుగా విడిపోతాయి. మధ్యలో గ్రీస్, పశ్చిమ టర్కీ ఉంటాయి. ఆ తర్వాత మనిషి కలగజేసుకున్నాడు. రోమన్ల కాలం నుంచి గింజలూ అంటుకొమ్మలూ ఖండమంతా తిరిగాయి. ఐరోపా చెట్ల క్లోరోప్లాస్ట్ వైవిధ్యం తక్కువగా, ప్రాంతాల మధ్య కలగాపులగంగా కనబడటానికి ఈ తిరుగుడే ముఖ్య కారణమని భావిస్తారు.

బ్రిటన్‌లో జరిగిన పని దీనికి మంచి ఉదాహరణ. అక్కడి చెస్ట్‌నట్‌ను రోమన్లే తెచ్చారని తరతరాలుగా చెప్పుకున్నారు. అక్కడి పాత చెట్ల జన్యువులను ఖండంలోని చెట్లతో పోల్చినప్పుడు అవి పశ్చిమ ఐరోపా వైపు చెట్లకు దగ్గరగా వచ్చాయి. ఇది ఎక్కడి నుంచి అన్నదానికి జవాబు. ఎప్పుడు అన్నది మార్కర్లు చెప్పలేదు. దానికోసం పరిశోధకులు తవ్వకాల్లో దొరికాయని చెప్పిన రోమన్ కాలపు చెస్ట్‌నట్ అవశేషాలను విడిగా మళ్లీ పరిశీలించి, ఆ కాలంలో అక్కడ చెట్లు పెరిగాయనడానికి గట్టి ఆధారం లేదని 2019లో ప్రచురించారు. మీ చెట్టు గురించి కూడా ‘ఎప్పుడు వచ్చింది’ అన్న ప్రశ్నకు జవాబు నర్సరీ బిల్లుల్లో, పాత ఉత్తరాల్లో, చెట్టు వయసులో వెతకాలి.

ప్రాంతాల లెక్కకు స్ట్రక్చర్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడతారు. రంగురంగుల గీతలతో ‘70 శాతం ఇది, 30 శాతం అది’ అని వస్తుంది. ఆ బొమ్మను చూసి మురిసిపోయే ముందు ఒక్కటి అడగండి: ఏ ఏ ప్రాంతాల అడవి చెట్లను పోలికకు వాడారు? జార్జియా చెట్లు ఆ జాబితాలో లేకపోతే, జార్జియా నుంచి వచ్చిన చెట్టును కూడా సాఫ్ట్‌వేర్ ఉన్నవాటిలో దగ్గరి గుంపులో పెట్టేస్తుంది. ‘ఇక్కడిది కాదు’ అని తనంతట తాను చెప్పదు. ఎన్ని గుంపులుగా విడగొట్టాలన్నది కూడా విశ్లేషణ చేసేవాళ్లు ఎంచుకునేదే. జాతుల మధ్య హైబ్రిడ్ల విషయంలో మాత్రం ఈ శాతాలను ఎక్కువ నమ్మొచ్చు, ఎందుకంటే జాతుల మధ్య తేడా చాలా పెద్దది. మొదటి తరం హైబ్రిడ్ సగం సగం వస్తుంది, దాన్ని మళ్లీ ఐరోపా చెట్టుతో కలిపితే పావు వంతు ఆసియా భాగం సగటున మిగులుతుంది.

పేరు పట్టీ ఎంత తేలిగ్గా తారుమారవుతుందో తెలియాలంటే అమెరికాలో జరిగింది చూడండి. బ్లైట్‌ను తట్టుకోవడానికి గోధుమ జన్యువు ఒకటి చేర్చిన ‘డార్లింగ్ 58’ అనే అమెరికా చెస్ట్‌నట్ వరస మీద ఏళ్ల తరబడి పరీక్షలు నడిచాయి. 2023లో డీఎన్‌ఏ చూస్తే, ఆ పేరుతో పెంచుతున్న చెట్లు నిజానికి ‘డార్లింగ్ 54’ అనే మరో వరసకు చెందినవని తేలింది. చేర్చిన జన్యువు ఉండాల్సిన చోట కాకుండా వేరే క్రోమోజోమ్ మీద, ఆ చెట్టు సొంత జన్యువు ఒకదాని మధ్యలో ఉంది. అదే ఏడాది డిసెంబరులో అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ ఆ వరసకు మద్దతు ఉపసంహరించుకుంది. నిపుణులు, గ్రీన్‌హౌస్‌లు, రిజిస్టర్లు అన్నీ ఉన్నచోటే ఇలా జరిగింది. అంటుకొమ్మలు చేతులు మారిన తోటలో పేరు నోటిమాట మీద నిలుస్తుందని అనుకోలేం.

నమూనా తీయడం దగ్గర జాగ్రత్తగా ఉండండి, ఎందుకంటే అక్కడ తప్పితే ల్యాబ్ ఏమీ చేయలేదు. అంటు చెట్టులో రెండు చెట్లుంటాయి. అంటు గాటుకు కింద ఉన్నది రూట్‌స్టాక్, పైన ఉన్నది రకం. చెట్టు మొదలు నుంచి వచ్చిన పిలకల ఆకులు చేతికి అందుతాయి కదా అని అవే కోస్తే రూట్‌స్టాక్ డీఎన్‌ఏ వెళ్తుంది. పాత చెట్టులో గాటు కనబడకపోవచ్చు. బెరడు తీరు మారిన చోటు, కాండం ఒక్కసారిగా లావైన చోటు వెతకండి. నిచ్చెన వేసుకుని పైనుంచి కాసే కొమ్మ ఆకులే తీయండి. వసంతంలో అప్పుడే విప్పుకున్న లేత ఆకులు మేలు. చెస్ట్‌నట్‌లో టానిన్లు అనే వగరు పదార్థాలు చాలా ఎక్కువ, ముదురు ఆకుల్లో అవి డీఎన్‌ఏకు పట్టుకుని పీసీఆర్‌ను పాడుచేస్తాయి. కోసిన వెంటనే సిలికా జెల్ ఉన్న సంచిలో వేసి ఎండబెట్టండి, ప్లాస్టిక్ కవర్లో తడిగా ఉంచితే నల్లబడుతుంది. ఆకులు లేని కాలమైతే మొగ్గలు పంపొచ్చు.

గింజలు పంపొద్దు. గింజ పైపెంకు, పప్పుకు అంటుకునే పలచని పొర రెండూ తల్లి చెట్టు కణజాలమే, కానీ పప్పు తల్లిదండ్రులిద్దరిదీ. పప్పు పరీక్షిస్తే మీ చెట్టు బిడ్డ వివరాలొస్తాయి. (ఈ తేడా ఇంకోచోట పనికొస్తుంది. జపాన్‌లో 2007లో వచ్చిన ‘పోరోటాన్’ రకంలో ఆ పలచని పొర సులువుగా ఊడుతుంది. పొర తల్లిది కాబట్టి పుప్పొడి ఏ చెట్టుదైనా ఆ గుణం మారదు. అలాంటి గుణానికి ఆనుకుని ఉండే మార్కర్లు వేరే ఉన్నాయి, వాటిని పేరు గుర్తింపు మార్కర్లతో కలపకండి.)

మీ తోటకైతే నేను చెప్పేది ఇది. ముందు అన్ని చెట్లనూ 10 ఎస్‌ఎస్‌ఆర్‌లతో చదివించండి. ఒకే అంకెలున్న చెట్లను గుంపు చేస్తే అసలు ఎన్ని క్లోన్లున్నాయో తెలుస్తుంది, అనుకున్నదానికంటే తక్కువే ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత గుంపుకొక చెట్టును మాత్రమే తీసుకుని జాతుల వాటా కోసం మరిన్ని మార్కర్లు, హైబ్రిడ్ అని తేలినవాటికి క్లోరోప్లాస్ట్ చేయించండి. పేర్ల పోలికకు మీ చెట్ల అంకెలనూ రిఫరెన్స్ నమూనాల (పేరు ఖాయమైన చెట్ల) అంకెలనూ కలిపి, చెస్ట్‌నట్ సేకరణ తోట నడిపే పరిశోధన సంస్థకు పంపండి. ఎవరి చెట్టుతోనూ సరిపోనివి తప్పకుండా కొన్ని మిగులుతాయి. వాటిలో కొన్ని గింజ మొక్కలు, కొన్ని ఎక్కడా నమోదు కాని పాత రకాలు కావచ్చు. అంటు గాటు ఉండి, ఒకటికి మించి చెట్లలో అదే అంకెలు కనబడితే అది ఎవరో కావాలని నిలబెట్టుకున్న రకం. దాన్ని కొట్టేయకండి.

ఇంకొక్క మాట. పాత చెట్లలో ఒకే కాండం మీద రెండు రకాల అంట్లు కట్టి ఉండటం మామూలే. నమూనా తీసిన కొమ్మకు అప్పుడే నంబరున్న అల్యూమినియం పట్టీ వదులుగా కట్టండి. రేపు అంటుకు కొమ్మలు కోసేటప్పుడు ఆ కొమ్మ నుంచే కోయండి.